బోస్నియా ఆస్తి పత్రాల్లోని 'బదిలీ నిషేధం' మాటలు ఇంగ్లిష్‌లో ఎలా ఉండాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు హైదరాబాద్‌లో న్యాయ పత్రాల అనువాదాలను సరిచూసే పనిలో ఉన్నారు. సారాయెవో కోర్టు భూమి రిజిస్టరు నకలుకు రెండు ఇంగ్లిష్ అనువాదాలు మీ ముందుకొచ్చాయి. మూలంలో "జబ్రానా ఒతుజేన్యా ఇ ఒప్తెరెచేన్యా" అని ఉన్నచోట ఒకరు "సేల్ బ్యాన్" అన్నారు, ఇంకొకరు "రిస్ట్రిక్షన్" అన్నారు. ఆ పక్కనున్న "జబిల్యెజ్బా" ఒకరికి "నోటీస్" అయింది, మరొకరికి "కాషన్" అయింది. వీటిలో ఏది ఉంచాలని అడిగారు.

నాలుగూ తీసేయండి. మొదటిదానికి "ప్రొహిబిషన్ ఆఫ్ ఏలియనేషన్ అండ్ ఎన్‌కంబరెన్స్" అనీ, రెండోదానికి "ఎనొటేషన్" అనీ రాయించండి. ప్రతి మాటా మొదటిసారి వచ్చినచోట పక్కనే బోస్నియన్ మాటను ఇటాలిక్స్‌లో ఉంచాలి. ఆ తర్వాత పత్రం చివరిదాకా అదే మాట వాడాలి. పేజీకో పర్యాయపదం వాడితే చదివే లాయరు అవి వేర్వేరు హక్కులనుకుంటాడు.

కారణాలు చెబుతాను. మీ అసలు ప్రశ్నకు సమాధానం వాటిలోనే ఉంది.

"ఒతుజేన్యే" అంటే ఆస్తిని పరాధీనం చేయడం. మన దస్తావేజుల్లోని 'అన్యాక్రాంతం' దీనికి సరిగ్గా సరిపోతుంది. అమ్మకం, దానం, మార్పిడి అన్నీ ఇందులోకి వస్తాయి. "సేల్ బ్యాన్" అంటే యజమాని కొడుకుకు దానపత్రం రాసేయవచ్చన్న అర్థం వస్తుంది. మూలం దానికి ఒప్పుకోదు. "ఒప్తెరెచేన్యే" అంటే ఆస్తిమీద భారం మోపడం, అంటే తనఖా పెట్టడం, అనుభవ హక్కు ఇవ్వడం, దారి హక్కు ఇవ్వడం వంటివి. "సేల్ బ్యాన్" ఈ సగాన్ని పూర్తిగా మింగేసింది. ఆ ఆస్తిమీద అప్పు ఇవ్వాలని చూస్తున్న బ్యాంకుకు కావలసింది ఆ సగమే.

ఈ రెండింటికన్నా విశాలమైన మాట "రాస్పొలాగాన్యే". మన 'దాన విక్రయాది సర్వాధికారాలు' దీనికి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో "డిస్పోజల్" అనాలి. "జబ్రానా రాస్పొలాగాన్యా" అని ఉంటే "ప్రొహిబిషన్ ఆఫ్ డిస్పోజల్" అని రాయాలి. దాన్ని ఏలియనేషన్‌గా కుదించకూడదు, ఏలియనేషన్‌ను డిస్పోజల్‌గా పెంచకూడదు. ఒక్కోసారి చట్టమే ఆ మాటను నిర్వచిస్తుంది. పత్రంలో చట్టం పేరు, సెక్షన్ నంబరు కనిపిస్తే ముందు ఆ నిర్వచనం చూడాలి. సోషలిస్టు కాలపు పత్రాల్లో "ప్రావో రాస్పొలాగాన్యా" ఒక ప్రత్యేక హక్కు పేరు. భూమి సమాజానిది, దాన్ని వినియోగించి నిర్ణయాలు తీసుకునే హక్కు ఫలానా సంస్థది అన్న అర్థంలో వస్తుంది. అక్కడ "రైట్ ఆఫ్ డిస్పోజల్" అనే రాయాలి. "ఓనర్‌షిప్" అంటే తప్పు.

ఇక "రిస్ట్రిక్షన్" సంగతి. మామూలు ఇంగ్లిష్‌లో అది తప్పు మాట కాదు. కానీ ఇంగ్లండ్, వేల్స్‌లో 2002 ల్యాండ్ రిజిస్ట్రేషన్ చట్టం కింద "రిస్ట్రిక్షన్", "నోటీస్" అన్నవి రిజిస్టర్లో చేసే నిర్దిష్ట నమోదుల పేర్లు. ఒక్కోదానికి ఒక్కో ప్రభావం ఉంది. "కాషన్" కూడా అక్కడ సాంకేతిక పదమే. లండన్ లాయరు ఆ మాట చూడగానే తన చట్టంలోని ప్రభావాన్ని బోస్నియా ఆస్తికి అంటగడతాడు. ఆ ప్రమాదం లేని మాట కావాలి కాబట్టే ఎనొటేషన్. బోస్నియన్‌లోనూ "ఒగ్రనిచేన్యే" అని వేరే మాట ఉంది. షరతుకు లోబడిన పరిమితి అన్నమాట. "రిస్ట్రిక్షన్"ను దానికోసం దాచుకోండి. జబ్రానా నిషేధం, ఒగ్రనిచేన్యే పరిమితి. ఈ తేడా అనువాదంలో నిలబడాలి.

భారతదేశంలో చదువుకున్న లాయర్లకు ఇంకో ఉచ్చు ఉంది. మన 1882 ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, బదిలీని పూర్తిగా అడ్డుకునే షరతు మామూలుగా చెల్లదు. "అబ్సల్యూట్ రెస్ట్రెయింట్ ఆన్ ఏలియనేషన్" అని అనువదిస్తే మన దగ్గర చదివేవాళ్ళకు 'అయితే ఇది చెల్లని షరతే కదా' అనిపిస్తుంది. మూలంలో లేని "అబ్సల్యూట్"ను చేర్చకండి. "రెస్ట్రెయింట్" జోలికీ పోకండి.

వాక్యంలో పెట్టేటప్పుడు "అండ్" విషయం చూసుకోవాలి. శీర్షికలా వచ్చినప్పుడు "ఏలియనేషన్ అండ్ ఎన్‌కంబరెన్స్" ఇబ్బంది లేదు. పూర్తి వాక్యంలో మాత్రం "మే నాట్ ఏలియనేట్ ఆర్ ఎన్‌కంబర్" అని "ఆర్" వాడాలి. మూలంలోని "ఇ" అంటే 'మరియు' అని గుడ్డిగా "అండ్" పెడితే, రెండూ కలిపి చేస్తేనే నిషేధమని వాదించడానికి చోటు దొరుకుతుంది. తనఖా ఉన్న ఇంటి నకళ్ళలో తరచు కనబడే వాక్యం తీసుకుందాం. తనఖాదారు రాతపూర్వక సమ్మతి లేకుండా ఆస్తిని పరాధీనం చేయడం, భారం మోపడం నిషిద్ధమన్న నమోదు అది. దాన్ని ఇలా రాయవచ్చు: "ఎనొటేషన్ ఆఫ్ ఎ ప్రొహిబిషన్ ఆన్ ఏలియనేటింగ్ ఆర్ ఎన్‌కంబరింగ్ ది ఇమ్మూవబుల్ ప్రాపర్టీ వితౌట్ ద రిటెన్ కన్సెంట్ ఆఫ్ ద మార్ట్‌గేజ్ క్రెడిటర్." ఇక్కడ "సగ్లాస్నొస్త్" అంటే సమ్మతి, అంటే "కన్సెంట్". అధికార సంస్థ ఇచ్చే "ఒదొబ్రేన్యే" అయితే "అప్రూవల్". రెండింటినీ "పర్మిషన్" అని కలిపేయకూడదు.

ఇప్పుడు రిజిస్టరు గురించి. ఏ నమోదు ఏ పేజీలో ఉందో తెలియకపోతే దాని బరువు తెలియదు. బోస్నియా భూమి పుస్తకం ఆస్ట్రియా-హంగరీ పాలనలో, 1884 నాటి చట్టంతో వచ్చింది. ఆ ఆస్ట్రియన్ చట్రమే ఇప్పటికీ ఉంది. ప్రతి ఆస్తికీ ఒక ఫోలియో, అంటే ఆ ఆస్తి ఖాతా ఉంటుంది, అందులో మూడు షీట్లు. 'ఎ' షీట్‌లో భూమి వివరాలు, 'బి' షీట్‌లో యజమాని, 'సి' షీట్‌లో భారాలు. 'సి' షీట్ పేరు "తెరెత్ని లిస్ట్". "ఎన్‌కంబరెన్సెస్ షీట్" అంటే చాలు. "ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్" అని రాసేస్తే తెలుగువాళ్ళు మన ఈసీ అనుకుంటారు. ఈసీ అనేది ఫలానా కాలంలో రిజిస్టరైన లావాదేవీల జాబితా. 'సి' షీట్ రిజిస్టరులోనే ఒక భాగం.

నమోదులు మూడు రకాలు, మూడింటికీ మూడు వేర్వేరు ఇంగ్లిష్ మాటలు కావాలి. "ఉక్న్యిజ్బా" హక్కును షరతులేకుండా నమోదు చేయడం, అంటే "రిజిస్ట్రేషన్". "ప్రెద్‌బిల్యెజ్బా" షరతుతో కూడిన ముందస్తు నమోదు, తర్వాత సమర్థించుకోకపోతే పోతుంది. దాన్ని "ప్రీనొటేషన్" అని రాసి, అడుగున ఒక వాక్యంలో వివరించాలి. "జబిల్యెజ్బా" హక్కు కాదు, చట్టపరంగా పట్టించుకోవలసిన ఒక వాస్తవాన్ని నమోదు చేయడం. దావా నడుస్తోంది, అమలు ఉత్తర్వు వచ్చింది, దివాలా ప్రక్రియ మొదలైంది, బదిలీ నిషేధం ఉంది, ఇలాంటివి. "జబిల్యెజ్బా స్పోరా" అంటే వివాదం నడుస్తోందన్న నమోదు. దాన్ని "ఎనొటేషన్ ఆఫ్ లిటిగేషన్" అనాలి. "లిస్ పెండెన్స్" భావం దగ్గరిదే గానీ, ఆ మాటకు మన ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్‌లోనూ అమెరికా రాష్ట్రాల చట్టాల్లోనూ సొంత ప్రభావాలున్నాయి. కావాలంటే ఫుట్‌నోట్‌లో పెట్టండి.

నకలుమీద "ప్లొంబా" అన్న మాట కనిపిస్తే వదిలేయకండి. ఒక దరఖాస్తు అందింది, దానిమీద ఇంకా నిర్ణయం రాలేదు అన్నదానికి గుర్తు అది. నిఘంటువు చూసి "సీల్" అనో, పంటికి పెట్టే "ఫిల్లింగ్" అనో రాసినవాళ్ళున్నారు. "పెండింగ్ అప్లికేషన్ మార్కర్" అని రాయండి. 'సి' షీట్ ఖాళీగా ఉన్నా ప్లొంబా ఉంటే, ఇంకా తేలని నమోదు ఒకటి వరుసలో ఉందని అర్థం. కొనేవాడికి ఇంతకన్నా ముఖ్యమైన సమాచారం ఆ కాగితంలో ఉండకపోవచ్చు.

ఇంకో పెద్ద పొరపాటు "పొసియెదోవ్ని లిస్ట్"ను "టైటిల్ డీడ్" అనడం. అది కడాస్టర్ (భూముల కొలతలు, పటాల రికార్డు) కార్యాలయం ఇచ్చే కాగితం. అందులో ఉండేది భూమి ఎవరి స్వాధీనంలో ఉందన్నది. మన పహాణీలో అనుభవదారు గడి గుర్తుచేసుకుంటే చాలు. "పొజెషన్ షీట్" అనాలి. కడాస్టర్‌లో ఒకరి పేరు, భూమి పుస్తకంలో ఇంకొకరి పేరు ఉండటం అక్కడ మామూలే. బదిలీ నిషేధం ఉందో లేదో చెప్పాల్సింది భూమి పుస్తకమే.

పత్రం ఏ ప్రాంతానిదో ముందు చూడండి. బోస్నియా-హెర్జెగొవీనాలో ఆస్తి చట్టం దేశమంతటికీ ఒకటి కాదు. ఫెడరేషన్, రెపుబ్లికా స్ర్ప్‌స్కా, బ్రచ్కో డిస్ట్రిక్ట్ అనే మూడు పాలనా భాగాలూ వేటికవే. ఆస్తి హక్కుల (రియల్ రైట్స్) చట్టం రెపుబ్లికా స్ర్ప్‌స్కాలో 2008 నాటిది, ఫెడరేషన్‌లో 2013 నాటిది. ఫెడరేషన్‌లో భూమి పుస్తకం మునిసిపల్ కోర్టుల చేతిలో ఉంటుంది. రెపుబ్లికా స్ర్ప్‌స్కాలో 2012 చట్టం కడాస్టర్‌నూ హక్కుల రిజిస్టరునూ ఒకటి చేసి జియోడెటిక్ (భూసర్వే) పరిపాలన సంస్థకు అప్పగించింది. ఆ కొత్త నకలు పేరు "లిస్ట్ నెపొక్రెత్నొస్తి". దాన్ని "కోర్ట్ ఎక్స్‌ట్రాక్ట్" అంటే జారీ చేసిన సంస్థే మారిపోతుంది. మాటలూ మారతాయి. బదిలీ ఒకచోట "ప్రియెనోస్", ఇంకోచోట "ప్రెనోస్". యాజమాన్యం ఒకచోట "వ్లాస్నిష్త్వో", ఇంకోచోట "స్వొయినా". ముందస్తు కొనుగోలు హక్కులో "కుప్న్యా", "కుపోవినా" రెండూ వస్తాయి. ఇవి బోస్నియన్, క్రొయేషియన్, సెర్బియన్ వాడుక తేడాలే తప్ప హక్కుల తేడాలు కావు. ఇంగ్లిష్‌లో ఒకే మాట ఉండాలి. రెపుబ్లికా స్ర్ప్‌స్కా పత్రాలు ఎక్కువగా సిరిలిక్ లిపిలో ఉంటాయి. పేర్లను లాటిన్‌లోకి మార్చేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న వర్ణక్రమమే పాటించాలి.

నిషేధం ఎక్కడినుంచి వచ్చిందన్నది కూడా అనువాదంలో తెలియాలి. ఒప్పందంలోంచి వచ్చిందా, కోర్టు ఉత్తర్వులోంచి వచ్చిందా, చట్టంలోంచే వచ్చిందా? కోర్టు నిషేధాల దగ్గర "మ్యెరా ఒసిగురాన్యా" అన్న మాట ఎదురవుతుంది. "ఒసిగురాన్యే"కు ఇన్సూరెన్స్ అన్న అర్థం కూడా ఉంది. అందుకే యంత్రానువాదాల్లో "ఇన్సూరెన్స్ మెజర్" అని వస్తుంటుంది. ఇక్కడ అది తీర్పు వచ్చేదాకా ఆస్తి చేజారకుండా కోర్టు పెట్టే కట్టడి. "సెక్యూరిటీ మెజర్" అనండి. దాన్ని "ఇంజంక్షన్" చేయకండి. ఇంజంక్షన్ అనగానే ఉల్లంఘిస్తే కోర్టు ధిక్కారమన్న ఊహ వస్తుంది, అది మూలంలో లేదు. ఉత్తర్వు "ప్రావొస్నాజ్నో" అయితే ఇక మామూలు అప్పీలు లేదని, అంటే "ఫైనల్ అండ్ బైండింగ్". "ఇజ్వ్‌ర్ష్నో" అయితే అమలు చేయదగినదని, అంటే "ఎన్‌ఫోర్సబుల్". ఫైనల్ కాకముందే అమలు చేయదగిన ఉత్తర్వులుంటాయి. రెంటినీ కలిపేయకూడదు.

చట్టంలోంచి వచ్చిన నిషేధాల్లో అన్నిటికన్నా ఎక్కువ వినబడేది ప్రభుత్వ ఆస్తిది. యుద్ధం తర్వాతి శాంతి ఒప్పందం అమలును పర్యవేక్షించే అంతర్జాతీయ అధికారి, హై రిప్రజెంటేటివ్, 2005 మార్చిలో విధించిన చట్టాలవి. వాటి ఇంగ్లిష్ పాఠం అధికారికంగానే ఉంది, పేరు ఇలా మొదలవుతుంది: "లా ఆన్ ద టెంపరరీ ప్రొహిబిషన్ ఆఫ్ డిస్పోజల్ ఆఫ్ స్టేట్ ప్రాపర్టీ". కాబట్టి ఈ పేరును సొంతంగా అనువదించకండి, ఉన్నదాన్నే వాడండి. పేరులో "టెంపరరీ" ఉన్నా అది ఎప్పుడో ముగిసిపోయిందని ఊహించకూడదు. ఆస్తి ఎవరిదన్న వివాదం 2012లో రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళింది, 2022లో రెపుబ్లికా స్ర్ప్‌స్కా చేసిన స్థిరాస్తి చట్టం దగ్గర మళ్ళీ రాజుకుంది. నకలులో ఈ చట్టం ప్రస్తావన ఉంటే అది ఇప్పటి స్థితిలో ఎలా వర్తిస్తుందో స్థానిక లాయరు చెప్పాలి. అనువాదకుడు తేల్చకూడదు.

ఇక్కడే "ద్రుష్త్వెనా స్వొయినా", "ద్రుజావ్నా స్వొయినా" తేడా. మొదటిది "సోషల్ ఓనర్‌షిప్", రెండోది "స్టేట్ ఓనర్‌షిప్". యుగొస్లావియా కాలపు సామాజిక యాజమాన్యం ప్రభుత్వ యాజమాన్యం కాదు. "పబ్లిక్ ప్రాపర్టీ" అన్న మాట రెంటినీ చెరిపేస్తుంది. అలాగే "స్తనార్స్కో ప్రావో" అంటే సామాజిక యాజమాన్యంలోని ఫ్లాట్‌లో నివసించే హక్కు. అది అద్దె హక్కూ కాదు, సొంతమూ కాదు. బోస్నియా కేసుల్లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం "ఆక్యుపెన్సీ రైట్" అని వాడుతుంది, క్రొయేషియా కేసుల్లో "స్పెషల్లీ ప్రొటెక్టెడ్ టెనన్సీ" అంటుంది. మీ పత్రం బోస్నియాది కాబట్టి మొదటిదే.

నిషేధాన్ని ఉల్లంఘిస్తే ఏమవుతుందో చెప్పే మాటలు అన్నిటికన్నా ఖరీదైనవి. "నిష్తావ్" అంటే మొదటినుంచీ చెల్లనిది, "నల్ అండ్ వాయిడ్". "రుష్ల్యివ్" అంటే ఏ పక్షం రక్షణ కోసం ఆ నియమం ఉందో ఆ పక్షం అడిగితే రద్దయ్యేది, "వాయిడబుల్". ఫెడరేషన్‌లోనూ రెపుబ్లికా స్ర్ప్‌స్కాలోనూ మూలాధారం 1978 నాటి యుగొస్లావ్ బాధ్యతల చట్టమే. దాని ప్రకారం మొదటిరకం చెల్లదని చెప్పమనే హక్కుకు కాలదోషం లేదు. రెండోరకానికి కారణం తెలిసిన ఏడాదిలోపు, ఎలాగైనా ఒప్పందం జరిగిన మూడేళ్ళలోపు కోర్టుకు వెళ్ళాలి. "వాయిడ్" రాయాల్సినచోట "వాయిడబుల్" రాస్తే, గడువు దాటింది కదా అని కొనుగోలుదారు నిశ్చింతగా ఉండిపోతాడు. "బెజ్ ప్రావ్నోగ్ దెయ్‌స్త్వా" అని ఉంటే "వితౌట్ లీగల్ ఎఫెక్ట్" అని యథాతథంగా ఉంచండి. దాన్ని పై రెండింటిలో దేనికీ సర్దకండి.

నిషేధానికి దగ్గరగా కనిపించి నిషేధం కానివి కొన్ని ఉన్నాయి. "ప్రావో ప్రెచె కుపోవినె" ముందస్తు కొనుగోలు హక్కు, బ్రిటిష్ పాఠకులకైతే "రైట్ ఆఫ్ ప్రీ-ఎంప్షన్", అమెరికా వారికైతే "రైట్ ఆఫ్ ఫస్ట్ రెఫ్యూజల్". ఇది అమ్మకాన్ని ఆపదు, ముందు తనకు చెప్పమంటుంది. ఒప్పందం ద్వారా వచ్చినదైతే, చెప్పిన నెలలోపు హక్కుదారు జవాబివ్వాలి. "ఆప్షన్" అనకూడదు. ఆప్షన్ ఉన్నవాడు యజమాని అమ్మదలచుకోకపోయినా కొనగలడు.

"ఉగొవోర్ ఒ దోజివొత్నోమ్ ఇజ్ద్‌ర్జావాన్యు" ఇంకా చిక్కుది. ఒకరు వృద్ధుణ్ణి చనిపోయేదాకా పోషిస్తారు, ఆయన పోయాక ఆస్తి వాళ్ళకు వస్తుంది. అప్పటిదాకా యాజమాన్యం ఆయనదే. "మెయింటెనెన్స్ అగ్రిమెంట్" అంటే భరణమనో అపార్ట్‌మెంట్ నిర్వహణ ఒప్పందమనో అనుకుంటారు. "లైఫ్‌లాంగ్ సపోర్ట్ కాంట్రాక్ట్" అని రాసి, యాజమాన్యం మరణం తర్వాతే మారుతుందని ఒక వాక్యం ఫుట్‌నోట్ పెట్టండి. "ప్లొదొఉజివాన్యే" జీవితకాల అనుభవ హక్కు కావచ్చు, కానీ ఇంగ్లిష్ న్యాయంలోని "లైఫ్ ఎస్టేట్" కాదు. "యూసుఫ్రక్ట్" అన్నదే సరైనది.

నోటరీ దగ్గర మనవాళ్ళు తప్పకుండా పొరబడతారు. "నొతార్స్కి ఒబ్రాజెనా ఇస్ప్రావా" అంటే నోటరీ స్వయంగా తయారుచేసి, పార్టీలకు చదివి వినిపించి, పర్యవసానాలు వివరించి రూపొందించిన పత్రం. "నోటరైజ్డ్ డాక్యుమెంట్" అంటే ముద్ర వేయించిన అఫిడవిట్ గుర్తుకొస్తుంది. "నోటరియల్ డీడ్ డ్రాన్ అప్ బై ద నోటరీ" అనాలి. సంతకం మాత్రమే ధృవీకరిస్తే దానికి వేరే మాట "ఒవ్యెరా", అంటే "సర్టిఫికేషన్".

పేర్ల విభక్తులు మరీ జాగ్రత్తగా చూడండి. "ఉ కొరిస్త్" అంటే ఫలానావారి పక్షాన అని. దాని తర్వాత పేరు షష్ఠి రూపంలో వస్తుంది. "ఉ కొరిస్త్ అమిరా" అని ఉంటే ఆ వ్యక్తి అమిర్ అనే మగవాడు. "ఉ కొరిస్త్ అమిరె" అని ఉంటే అమిరా అనే స్త్రీ. నకలులో ఉన్నట్టే ఎత్తిరాస్తే నిషేధం ఎవరి పక్షాన ఉందో ఆ మనిషే మారిపోతుంది. తండ్రి పేరు కూడా ఇదే రూపంలో ఉంటుంది, దాన్నీ ప్రథమా విభక్తిలోకి తేవాలి.

అంకెల్లో "1/1" అంటే మొత్తం యాజమాన్యం ఒక్కరిదే, తేదీ కాదు. "1.250 చ.మీ." అంటే ఒకటింపావు కాదు, పన్నెండు వందల యాభై. అక్కడ చుక్క వేలను విడదీస్తుంది, కామా దశాంశాన్ని చూపిస్తుంది. పాత పత్రాల్లో "దులుం" వస్తే 1000 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 24.7 సెంట్లు. మూలంలోని కొలతనే ఉంచి, మార్చిన అంకెను అనువాదకుడి గమనికలో మాత్రమే ఇవ్వాలి. "కె.చె." కడాస్టర్ పార్సెల్ నంబరు, "కె.ఒ." కడాస్టర్ మునిసిపాలిటీ. ఈ రెండోది పాలనాపరమైన మునిసిపాలిటీ కాదు.

నిషేధం తొలగిందని చూపడానికి "బ్రిసోవ్నా దొజ్వోలా" జతచేస్తే, అది హక్కుదారు తొలగింపుకు ఇచ్చిన సమ్మతి మాత్రమే. "కన్సెంట్ టు డిలీషన్" అని రాయించండి. రిజిస్టర్లో తొలగింపు నిజంగా జరిగిందా అన్నది కొత్త నకలు తెప్పించి చూస్తేనే తెలుస్తుంది. అందుకే అనువాదం మొదటి పేజీలో నకలు జారీ అయిన తేదీ, "దిఎన్" అక్షరాలున్న దరఖాస్తు నంబర్లు, ముద్రల వివరాలు ఒక్కటీ వదలకుండా ఉండేలా చూడండి.